చెయ్యి తిరగాలి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక గోడకి ఆనుకుని కొందరు తమ్ముళ్లు నిలబడ్డారు. వెనక గోడ బ్యాచ్ అన్నది మా రోజుల్లోనూ ఉండేది. నేను అందులోవాణ్ణే. 1984 పదో తరగతి, బి సెక్షను.

రెండు నెలల కిందట మన కార్యదర్శి గారు ఫోన్ చేశారు. "నువ్వు ఆస్పత్రి మిషన్ల ఇంజనీరువి కదా. సంఘానికి యాభై ఏళ్లు నిండిన గుర్తుగా మన ఊరి ఏరియా ఆస్పత్రికి ఒక అల్ట్రాసౌండ్ మిషను ఇద్దామని కమిటీలో అనుకున్నాం. ఏ మోడల్ కొనాలో సభలో నాలుగు మాటలు చెప్పు" అన్నారు. మోడల్ సంగతి అయిదు నిమిషాల పని. అది కమిటీకి కాగితం మీద రాసిస్తాను. నాకిచ్చిన సమయాన్ని ఇంకోదానికి వాడుకుంటాను. ఆ మిషను పట్టుకునే చేతుల గురించి మాట్లాడతాను.

వైద్య పరికరాలతో నా ఉద్యోగం ముప్పై ఏళ్లు దాటింది. మొదటి సగం మిషన్లు బిగించడం, బాగుచెయ్యడం. రెండో సగం ఒక బోధనాసుపత్రిలో డాక్టర్లు, నర్సులు పని నేర్చుకునే శిక్షణ గదిని చూసుకోవడం. మొదటి సగంలో చూసిన సంగతి ఒకటి ముందు చెప్పాలి. ఒక జిల్లాలో ఒక ఆస్పత్రి, పేరెందుకు లెండి. దాతలు ఇచ్చిన అల్ట్రాసౌండ్ మిషను. ఏడాది తర్వాత సర్వీసుకి వెళ్తే దాని మీద నీలం గుడ్డ కప్పి ఉంది, గుడ్డ మీద కేసు షీట్ల కట్ట ఉంది. రెండు ప్రోబుల్లో ఒకదాని సంచి సీలు కూడా విప్పలేదు. ఇలాంటి మిషను తన మీద ఎన్ని పరీక్షలు జరిగాయో తనే లెక్క రాసుకుంటుంది. తీసి చూస్తే ముప్పై ఏడు. అందులో ముప్పై మొదటి నెలలోనే. పని నేర్చుకున్న ఒక్క డాక్టరుగారికీ రెండో నెలలో బదిలీ అయింది. మిగతా ఏడూ ఎవరో ఉత్సాహవంతుడు ప్రయత్నించి, తెర మీద మబ్బులు తప్ప ఏమీ కనిపించక మానేసినవి. గుమ్మం పక్కన దాతల పేర్లు చెక్కిన పాలరాయి మాత్రం తళతళలాడుతోంది.

ఆ మిషనులో నాకు ఒక్క లోపం కూడా దొరకలేదు. సర్వీసు రిపోర్టులో "బాగా పనిచేస్తోంది" అని రాసి సంతకం పెట్టి వచ్చాను. నిజమే రాశాను.

ఇక విషయానికి వస్తాను. మనకు తెలిసిన స్కానింగు అంటే చీటీ పట్టుకుని, చీకటి గది బయట బెంచీ మీద కూర్చుని, వంతు వచ్చాక లోపలికి వెళ్లడం. అక్కడ రేడియాలజిస్టు ఒక్కో అవయవాన్నీ కొలిచి, పూర్తి రిపోర్టు రాస్తారు. ఈ ఇరవై ముప్పై ఏళ్లలో దీని పక్కనే ఇంకో రకం పెరిగింది. రోగిని చూస్తున్న డాక్టరే, రోగి మంచం దగ్గరికే చిన్న మిషను తెచ్చుకుని చూడడం. పాయింట్ ఆఫ్ కేర్ అల్ట్రాసౌండ్ అంటారు. డాక్టర్లు పొట్టిగా పోకస్ అంటారు. ఇందులో పూర్తి రిపోర్టు ఉండదు, ఒకటి రెండు సూటి ప్రశ్నలు ఉంటాయి. యాక్సిడెంట్ అయిన మనిషి పొట్టలో రక్తం చేరిందా? ఆయాసపడుతున్న మనిషి ఊపిరితిత్తిలో నీరు పట్టిందా? గుండె చుట్టూ నీరుందా? మెడలో ఈ నరం ఎంత లోతులో ఉంది, సూది ఎక్కడ పడుతోంది? జవాబు నిమిషాల్లో కావాలి. రాత్రి రెండింటికి కావాలి. చీకటి గదికి తాళం వేసి ఉన్నప్పుడు కావాలి.

ఇంజనీర్లం ఇందులో ఎలా చొరబడ్డామో కొంచెం చెప్పనివ్వండి, మా వాళ్ల గొప్ప చెప్పుకునే అవకాశం మాకు తరచుగా రాదు. స్కాట్లాండులో గ్లాస్గో నగరం. అక్కడ ఇయాన్ డోనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడు 1955లో దగ్గర్లోని ఒక బాయిలర్ల ఫ్యాక్టరీకి వెళ్లాడు. ఇనప రేకుల్లో, అతుకుల్లో కంటికి కనపడని పగుళ్లను శబ్దతరంగాలతో పట్టుకునే పరికరం అక్కడ ఉంది. ఆపరేషన్లలో తీసిన గడ్డల్ని కారు డిక్కీలో వేసుకుని పోయాడు, పోల్చి చూడ్డానికి ఒక మాంసం ముక్క కూడా. నీటి గడ్డ ఒక రకంగా, గట్టి గడ్డ ఇంకో రకంగా ప్రతిధ్వని ఇస్తున్నాయని అక్కడే తేలింది. ఆ తర్వాత ఆయన అరువు తెచ్చుకున్న పాత పరికరంతో కుస్తీ పడుతున్నాడని టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజనీరు విన్నాడు. ఆ పరికరాలు చేసే కంపెనీలోనే అతని ఉద్యోగం. తిన్నగా డాక్టరుకే ఫోన్ చేశాడు, వెళ్లి చూశాడు, మనిషి పొట్ట మీద పెట్టి బొమ్మ గీయగలిగే యంత్రాన్ని కట్టాడు. 1958 జూన్‌లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ వ్యాసం మీద ఇద్దరు డాక్టర్ల పేర్లతో పాటు టామ్ బ్రౌన్ పేరు కూడా ఉంటుంది.

పని చేసే పద్ధతి మీకు తెలిసిందే. బడి వెనక నూతిలో రాయి వేసి, చప్పుడు ఎంతసేపటికి వచ్చిందో చూసి, నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో పందెం కాసేవాళ్లం కదా. ఇదీ అంతే. మన చెవి ఇరవై వేల కంపనాల దాకా వింటుంది. ఈ ప్రోబు సెకనుకి ఇరవై లక్షల నుంచి కోటిన్నర దాకా కంపనాలున్న శబ్దాన్ని లోపలికి పంపి, ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గి కూర్చుంటుంది. మెత్తటి కండరంలో శబ్దం వేగం సెకనుకి 1540 మీటర్లని లెక్క. ఒక సెంటీమీటరు లోతు నుంచి ప్రతిధ్వని తిరిగి రావడానికి సెకనులో పది లక్షల వంతులు పదమూడు పడతాయి. ఆ లెక్కలన్నీ మిషను చూసుకుంటుంది. దానికి చేతకానిది ఒక్కటే. ప్రోబును ఎక్కడ పెట్టాలో, ఎటు వాల్చాలో దానికి తెలియదు.

ఎందుకంటే ఆ తెర మీద కనిపించేది మనిషి లోపలి ఫోటో కాదు. ఒక కోత. కాగితమంత పల్చటి కోత. మునక్కాడని అడ్డంగా కోస్తే గుండ్రం కనిపిస్తుంది, నిలువుగా చీలిస్తే రెండు గీతలు కనిపిస్తాయి. రక్తనాళం కూడా అంతే. ప్రోబు అడ్డంగా పెడితే నల్లటి గుండ్రం, నిలువుగా పెడితే నల్లటి కాలవ. ఒక వెంట్రుకవాసి పక్కకి జరిగితే కాలవ మాయం. చూసేవాడు ఒక్కొక్క కోతనీ చూస్తూ మొత్తం మునక్కాడని మనసులో కట్టుకోవాలి. ఇది పుస్తకంలో చదివితే రాదు. వీడియో వెయ్యిసార్లు చూసినా రాదు. ఈత వీడియోలు చూసి కాలవలో దూకినవాడి కథే అవుతుంది.

మా శిక్షణ గదిలో మొదటి పాఠం మనిషి మీద జరగదు, జెల్లీ మీద జరుగుతుంది. బజార్లో ఇలాంటి నమూనాలు దొరుకుతాయి గానీ ఒక్కోటి వేలకు వేలు, నాలుగు రోజులు సూదులు గుచ్చితే జల్లెడై పోతాయి. అందుకని నేనే వండుతాను. జెలటిన్ పొడి, వంటకి వాడే కొలత కన్నా రెండింతలకు పైనే వేసి నీళ్లలో కరిగించాలి. ఉత్త జెలటిన్ అయితే తెర మీద నల్లగా, ఖాళీగా కనిపిస్తుంది. మనిషి కండలా మసక మసగ్గా కనిపించాలంటే అందులో ఇసబ్‌గోల్ పొట్టు కలపాలి. ఔను, మలబద్ధకానికి వాడే ఇసబ్‌గోలే. టిఫిన్ డబ్బాలో సగం పోసి, కాస్త గట్టిపడ్డాక పొడుగు బెలూనులో రంగు నీళ్లు నింపి పడుకోబెట్టి, పక్కన ఒక గట్టి రబ్బరు గొట్టం పెట్టి, పైన మిగతా సగం పోసెయ్యాలి. బెలూను సిర, గొట్టం ధమని. పోసేటప్పుడు నురగ తీసెయ్యాలి, ఒక్క గాలి బుడగ మిగిలినా దాని కింద అంతా నీడ పడి ఏమీ కనిపించదు. గాలి ఈ శబ్దానికి గోడ లాంటిది. రోగి ఒంటి మీద జిగురు రాసేదీ ప్రోబుకీ చర్మానికీ మధ్య గాలి చేరకుండా ఉండడానికే. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. మా ఇంట్లో ఫ్రిజ్ మీద "తినవలదు" అని ఒక చీటీ పర్మనెంటుగా ఉంటుంది.

ఇప్పుడు ప్రోబు చేతికిస్తాం. పాతికేళ్ల అనుభవం ఉన్న సర్జన్ కూడా మొదటి పది నిమిషాలు కొత్త డ్రైవరే. సుత్తి పిడిలా బిగించి పట్టుకుంటారు. దాన్ని కలంలా పట్టుకోవాలి, చిటికెన వేలు, అరచేతి అంచు రోగి ఒంటికి ఆనాలి. అప్పుడే చెయ్యి నిలుస్తుంది. మన డ్రాయింగు మాస్టారు చిటికెన వేలు కాగితానికి ఆనించి గీత గియ్యమని ఎన్నిసార్లు చెప్పేవారో మీకు గుర్తుండే ఉంటుంది. తర్వాతి కష్టం చూపు. అందరూ తమ చేతిని చూసుకుంటారు. చూడాల్సింది తెరని. సైకిల్ నేర్చుకునేవాడు ముందు చక్రాన్ని చూసినట్టు, కొత్తవాళ్ల కళ్లు పదే పదే చేతి మీదికి పోతాయి. ఆ కళ్లు తెర మీద నిలిచే క్షణం పక్కనున్న మాకు తెలిసిపోతుంది, భుజాలు దిగుతాయి.

చేతి కదలికలు అయిదు. మేం వాటికి తెలుగులోనే పేర్లు పెట్టుకున్నాం. జరపడం, అంటే ఇస్త్రీ పెట్టె తోసినట్టు. వాల్చడం, కూర్చున్న చోటే విసనకర్రలా అటూ ఇటూ. ఊపడం, ఉయ్యాల బల్లలాగా ఈ చివరా ఆ చివరా. తిప్పడం, తాళం చెవిలాగా. నొక్కడం. ఒకసారికి ఒక్కటే చెయ్యాలన్నది నియమం. కంగారులో మూడూ ఒకేసారి చేసేస్తారు, బొమ్మ పోతుంది, ఎందుకు పోయిందో తెలియదు. ఇక నొక్కడం దగ్గర ఒక తమాషా ఉంది. బలంగా నొక్కితే సిర అణిగిపోయి తెర మీద కనిపించదు, ధమని అణగదు. ఈ మనిషికి నరాలే లేవు అని ఒకాయన మా జెల్లీ డబ్బాని చూసి అన్నారు. చెయ్యి తేలిక చెయ్యండి సార్ అన్నాను. నల్లటి గుండ్రం నెమ్మదిగా కళ్లు తెరిచింది. సిరనీ ధమనినీ వేరు చేసే పాఠం ఆయనకి ఇంక మళ్లీ చెప్పక్కర్లేదు.

కష్టమైనదంతా సూదిలో ఉంది. సూది అడ్డకోతలో తెల్లటి చుక్కలా కనిపిస్తుంది. ఆ చుక్క సూది మొన కావచ్చు, మొన ఎప్పుడో దాటిపోయి మధ్య భాగమూ కావచ్చు. తెర రెంటినీ ఒకేలా చూపిస్తుంది. నేర్చుకోనివాడు చుక్క నరం మీదే ఉందని ధీమాగా తోస్తాడు, మొన నరం వెనక గోడ చీల్చుకుని అవతల ఉంటుంది. మెడ నరం వెనక ఏముంటాయో ఇక్కడున్న డాక్టర్లకి నేను చెప్పక్కర్లేదు. అందుకే చుక్క కనిపించగానే ఆగి, ప్రోబు కొంచెం ముందుకి జరిపి, చుక్క మాయమయ్యే చోటు పట్టుకుని, మళ్లీ సూది కొంచెం తొయ్యాలి. ముందు చూపు, వెనక సూది. జెల్లీలో అయితే సిరంజిలోకి నీలం నీళ్లు వస్తే పాసు, ఎర్ర నీళ్లు వస్తే ధమనిలో గుచ్చినట్టు. తొలి రోజు ఎర్ర నీళ్లు చాలామందికి వస్తాయి. అవి డబ్బాలో వస్తేనే మంచిదని కదా ఇదంతా. మెడలోని పెద్ద సిరలో గొట్టం వెయ్యడానికి అల్ట్రాసౌండ్ సాయం తీసుకోవాలని బ్రిటన్‌లో నైస్ సంస్థ 2002లోనే సిఫార్సు చేసింది. మిషను పక్కన ఉండి కూడా గుడ్డిగా గుచ్చే చోట్లు మన దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. మిషను లేక కాదు, చెయ్యి తిరగక.

ఇక్కడ ఒక మాట నర్సుల గురించి. నా అనుభవంలో సూది పాఠం డాక్టర్ల కన్నా నర్సులు తొందరగా పట్టుకుంటారు. వేలి కొసతో నరాన్ని వెతకడం రోజూ చేసేదే కాబట్టి కాబోలు. శిక్షణ జాబితాలు తయారుచేసేటప్పుడు వాళ్ల పేర్లు చివర్లో, చోటు మిగిలితే, అన్నట్టు రాస్తారు. నాకది నచ్చదు.

మరి ఎంత సాధన కావాలి? రెండు రోజుల వర్క్‌షాపు, ఒక సర్టిఫికెట్, ఒక గ్రూప్ ఫోటో. ఇది ఇప్పుడు బాగా నడుస్తున్న వ్యాపారం. ఒక మిషను చుట్టూ ఇరవై మంది నిలబడితే ప్రోబు ఒక్కొక్కరి చేతిలో ఉండేది నాలుగు నిమిషాలు. మిగతా సమయం ముందువాళ్ల వీపు చూడడం. మా గదిలో మిషనుకి నలుగురికి మించి పెట్టం. అది కూడా ఆరంభమే. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఎమర్జెన్సీ ఫిజీషియన్స్ వాళ్ల మార్గదర్శకాల్లో ఒక్కో రకం పరీక్షకి 25 నుంచి 50 దాకా చెయ్యాలని, వాటిని అనుభవజ్ఞులు చూసి సరిచూడాలని ఉంది. అంటే పొట్టకి వేరే, గుండెకి వేరే, ఊపిరితిత్తులకి వేరే. అంకె పెద్దగా అనిపించొచ్చు. బిజీగా ఉండే ఏరియా ఆస్పత్రిలో రోజుకి ఒకటి చొప్పున చేసినా ఒక్కో రకానికి నెలన్నర, రెండు నెలలు. అసలు సమస్య అంకె కాదు, పక్కన నిలబడి సరిచూసే మనిషి.

ఆ మనిషి గదిలోనే ఉండాలని కూడా లేదు. 2004లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఇద్దరే ఉన్నారు, గెన్నడీ పడాల్కా, మైక్ ఫింక్. ఇద్దరూ డాక్టర్లు కారు. బయల్దేరే ముందు కొద్ది గంటల శిక్షణ, చేతిలో ప్రోబు ఎక్కడ పెట్టాలో బొమ్మలేసిన కార్డులు, నేల మీద నిపుణుడు తెర చూస్తూ మాటతో దారి చూపించడం. అంత మాత్రంతో ఒకరి భుజాన్ని ఒకరు పరీక్ష చేశారు, వైద్యానికి పనికొచ్చే బొమ్మలు వచ్చాయి. ఆకాశంలో అయిన పని, వంద కిలోమీటర్ల అవతల బోధనాసుపత్రి నుంచి మన ఊరికి కాదా? ఫోన్లో వీడియో కాల్ చేసి మనవడికి పప్పు తాలింపు నేర్పే అమ్మమ్మలున్న ఊరు మనది.

అయితే ఇందులో ప్రమాదం ఉంది, దాచకుండా చెప్పాలి. మన జూనియర్ ఒకామె రేడియాలజిస్టు. ఈ ప్రసంగం సంగతి చెబితే ఫోన్లోనే గట్టిగా అంది: "అన్నయ్యా, ప్రతివాడూ ప్రోబు పెట్టి 'ఏమీ లేదు' అనేస్తాడు. తర్వాత ఆ మనిషి మా దగ్గరికి వచ్చేసరికి మూడో రోజు." ఆమె మాట నిజం. యాక్సిడెంట్ కేసులో చూసేవి నాలుగు చోట్లు: కాలేయం, కుడి మూత్రపిండం మధ్య, ప్లీహం, ఎడమ మూత్రపిండం మధ్య, మూత్రాశయం వెనక, గుండె చుట్టూ. అక్కడ నల్లటి చార కనిపిస్తే రక్తం చేరిందని అనుమానించాలి. కనిపించకపోతే రక్తం లేదని కాదు. ఇప్పటికి కనిపించేంత చేరలేదని మాత్రమే. అరగంట ఆగి మళ్లీ చూడాలి. "ఉంది" అన్న జవాబుని నమ్మడం తేలిక, "లేదు" అన్న జవాబుని ఎంతవరకు నమ్మాలో తెలియడమే శిక్షణలో సగం. సగం నేర్చినవాడి చేతిలో ఇది స్టెతస్కోపు కన్నా ప్రమాదకరం, ఎందుకంటే బొమ్మ కనిపిస్తుంది కాబట్టి అందరూ నమ్మేస్తారు, రోగి కొడుకుతో సహా.

సరిగ్గా నేర్చినవాడి చేతిలో ఎలా ఉంటుందో కూడా విన్నాను. మా దగ్గర మూడు నెలలు సాధన చేసిన ఒక యువ డాక్టరు చెప్పాడు. రాత్రి డ్యూటీ. బైకు మీంచి పడ్డ కుర్రాడు నడిచి వచ్చాడు, కాలు గీసుకుపోయింది, అంతే. నాడి మాత్రం కొంచెం వేగంగా ఉంది. ప్రోబు పెడితే మొదట ఏమీ లేదు. నేర్పినట్టే అరగంట ఆగి మళ్లీ చూశాడు. కాలేయం పక్కన సన్నగా నల్లటి చార. కట్టు కట్టి పొద్దున్నే ఇంటికి పంపాల్సిన కుర్రాణ్ణి అప్పుడే అంబులెన్సు ఎక్కించి, పెద్దాసుపత్రికి ముందుగా ఫోన్ చేశాడు. సర్జన్లు సిద్ధంగా ఉన్నారు. ప్లీహం చీలింది. ఆ కుర్రాడు బతికాడు. ఆ డాక్టరు నాకు పంపిన మెసేజీలో ఆ చార బొమ్మ ఒక్కటే ఉంది, కింద "రెండోసారి" అని ఒక్క మాట.

ఇక చట్టం. "ఒక మిషను తెచ్చి స్టేజీ మీద చూపించొచ్చుగా" అని పొద్దున ఒక మిత్రుడు అడిగాడు. కుదరదు. 1994లో వచ్చిన గర్భస్థ పిండ లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం అల్ట్రాసౌండ్ మిషను రిజిస్టరైన చోటే ఉండాలి. చేతిలో ఇమిడేదైనా సరే, గుండె చూడ్డానికే కొన్నదైనా సరే, సంచిలో వేసుకుని ఊరూరా తిరగడానికి లేదు. కొంతమంది డాక్టర్లు దీన్ని విసుక్కుంటారు. నేను విసుక్కోను. 1991 జనాభా లెక్కల్లో మన దేశంలో ఆరేళ్ల లోపు మగపిల్లలు 1000 మందికి ఆడపిల్లలు 945 మంది. 2001కి ఆ సంఖ్య 927కి పడిపోయింది. మేం బిగించిన మిషన్లకు అందులో భాగం ఉంది, అది తెలియని ఇంజనీరు మా తరంలో లేడు.

మన కమిటీ గమనించాల్సింది ఇది. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకి మిషను అమ్మడమే కాదు, ఉచితంగా ఇవ్వడం కూడా నిబంధనల ప్రకారం తప్పే. డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా అని స్పష్టంగా రాసి ఉంది. కాబట్టి ముందు ఆస్పత్రి సూపరింటెండెంట్ గారి దగ్గర రిజిస్ట్రేషన్ పత్రం నకలు తీసుకోవాలి, కొత్త మిషను అందులో చేర్పించాలి, ఆ తర్వాతే ఆర్డరు. వేదిక మీద రిబ్బను కత్తిరించే తేదీ వీటన్నిటి తర్వాత పెట్టుకుందాం.

ఇంక నేను కోరేది చెబుతాను. కమిటీ అనుకున్న మొత్తంలో మూడో వంతు శిక్షణకి పక్కన పెట్టండి. ఆ మేరకు చిన్న మోడల్ కొందాం, నష్టం లేదు, మన ప్రశ్నలకి అది చాలు. ఒక్క డాక్టరుకి కాదు, కనీసం ఆరుగురికి నేర్పిద్దాం, వాళ్లలో ఇద్దరు నర్సులు, వాళ్లకి సూది పాఠం. బదిలీలు మన చేతిలో లేవు కాబట్టి ఆరుగురిలో ఇద్దరు వెళ్లినా పని ఆగదు. నెలకి రెండు ఆదివారాలు, ఆర్నెల్లు, బయటి నుంచి ఒక అనుభవజ్ఞుడు వచ్చి పక్కన నిలబడాలి. మధ్య రోజుల్లో వీడియోలో చూడాలి. ప్రతి ఒక్కరూ ఒక రికార్డు రాయాలి. మనం సైన్సు ప్రాక్టికల్స్‌కి రాసినట్టే, కుడి పేజీలో తేదీ, ఏం చూశాను, ఏమనుకున్నాను. ఎడమ పేజీలో తర్వాత రేడియాలజిస్టు రిపోర్టులో ఏం తేలింది. రోగి పేరు మాత్రం అందులో ఉండకూడదు. ఎడమ పేజీ నింపడానికి నన్ను ఫోన్లో కోప్పడిన చెల్లెలే ఒప్పుకుంది, షరతు ఏమిటంటే తప్పులు దాచకూడదు.

జెల్లీ డబ్బాల పని మన బడికే అప్పగిద్దామని హెడ్మాస్టరు గారిని అడిగాను. ల్యాబులో స్టవ్వు ఉంది, ఫ్రిజ్ లేదు. ఫ్రిజ్ మా 1984 బ్యాచ్ ఇస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలు నెలకి పది డబ్బాలు చెయ్యగలరు, శబ్దం పాఠం వాళ్లకి ఎలాగూ ఉంది. సూదులు వాళ్ల చేతికి ఇవ్వం, అమ్మానాన్నలు కంగారు పడక్కర్లేదు.

వచ్చే ఆదివారం కమిటీ సమావేశం. మనవాళ్లలో ఎమర్జెన్సీ వార్డుల్లో, ఐసీయూల్లో పనిచేస్తున్న డాక్టర్లు నలుగురైదుగురు ఇక్కడే ఉన్నారని తెలుసు. ఏడాదికి రెండు ఆదివారాలు ఇవ్వగలిగినవాళ్లు భోజనాల దగ్గర రిజిస్ట్రేషన్ టేబుల్ మీద నా నోటుపుస్తకం ఉంది, పేరు, వీలయ్యే నెల రాయండి. పొద్దున్నుంచి ఇద్దరు రాశారు. ఇంకా ఎనిమిది ఆదివారాలు ఖాళీగా ఉన్నాయి.